టైరు షాపు సీసంతో విసురువలకి గుళ్ళు పోసుకోవచ్చా?

పోసుకోవచ్చండి. కానీ తెచ్చుకున్న డబ్బాని తెచ్చుకున్నట్టు మూకుట్లో బోర్లించకండి. గ్యాస్ పొయ్యి మీద అయితే అసలే వద్దు.

మీరడిగింది ఇది: టైరు షాపులో పీకి పడేసిన వీల్ బ్యాలెన్సింగ్ ముక్కలు (చక్రం సమంగా తిరగడానికి దానికి పెట్టే చిన్న లోహపు బరువులు) ఓ డబ్బాడు దొరికాయి, అమెరికా వాళ్ళు వాటిని కరిగించి తుపాకీ తూటాలు పోసుకునే వీడియోలు చూశారు, అదే పద్ధతిలో విసురువల అంచుకి బరువు గుళ్ళు పోస్తే పనికొస్తాయా అని. మాది గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున ఊరు. వలలు బాగుచెయ్యడం, గుళ్ళు పొయ్యడం నాన్నగారి కాలం నుంచీ మా ఇంట్లో ఉన్న పనే. నేనూ చేస్తుంటాను.

ముందు ఆ వీడియోల సంగతి. వాళ్ళకి కావలసింది గట్టి సీసం. తూటా మరీ మెత్తగా ఉంటే తుపాకీ గొట్టం లోపల సీసం పూతలా అంటుకుపోతుంది. చక్రం అంచుకి కొట్టే క్లిప్పు ముక్కల్లో సీసంతో పాటు రెండు నుంచి నాలుగు శాతం దాకా సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొని అనే లోహం కలుస్తుంది. అందుకే అవి శుద్ధ సీసం కంటే దాదాపు రెట్టింపు గట్టిగా ఉంటాయి, అందుకే వాళ్ళకి అంత ఇష్టం. అదీ చాలక, అచ్చులోంచి తీసిన వేడి తూటాని నీళ్ళ బకెట్లో పడేసి ఇంకా గట్టిపరుస్తారు. మనకి కావలసింది సరిగ్గా దీనికి తిరగేసి. వల అంచు తాడు మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలేస్తే గుండు తాడుని వాటేసుకోవాలి. ఆంటిమొని ఉన్నది వాటేసుకోదు, చిట్లుతుంది. చిట్లిన అంచు నైలాన్ దారాన్ని కోసేస్తుంది. కాబట్టి ఆ వీడియోలు చూసి అచ్చు ఎలా పట్టుకోవాలో నేర్చుకోండి, మిగతాది వదిలెయ్యండి. ఆ నీళ్ళ బకెట్టు మన పనిలోకి రానే రాకూడదు, ఎందుకో కింద చెబుతాను. మన దేశంలో లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచెయ్యడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. మీరు ఆ ఉద్దేశంతో అడగలేదని తెలుసు, చదివే కుర్రాళ్ళ కోసం రాస్తున్నాను.

ఇక అసలు పని కరిగించడం కాదు, ఏరడం. ఆ డబ్బాలో ఉన్నదంతా సీసం అనుకోకండి. యూరప్‌లో 2005 నుంచి కార్ల చక్రాలకి సీసం ముక్కలు ఆపేశారు. ఆ తర్వాత ఇనుపవీ జింకువీ పెరిగాయి, మన టైరు షాపుల చెత్త డబ్బాల్లో ఇప్పుడు మూడూ కలిసే పడుంటాయి. ముందు అయస్కాంతం తిప్పండి, ఇనుపవి వాటంతటవే వచ్చేస్తాయి. క్లిప్పు మాత్రం సీసం ముక్కకైనా ఇనుపదే ఉంటుంది కనుక అయస్కాంతాన్ని క్లిప్పుకి కాకుండా ముక్క ఒంటికి తగిలించి చూడాలి. మిగిలిన వాటిలో జింకుని పట్టుకోవడమే కష్టం. కొన్నిటి మీద ఇంగ్లీషులో జడ్ఎన్ అని చెక్కి ఉంటుంది, చాలావాటి మీద అరిగిపోయి ఉంటుంది. కటింగ్ ప్లేయరు పెట్టి నొక్కితే సీసం కోసుకుపోతుంది, జింకు మీద గాటు కూడా సరిగా పడదు. సిమెంటు గచ్చు మీద పడేస్తే సీసం దబ్‌మని ఊరుకుంటుంది, జింకు ఖణేల్‌మంటుంది. అనుమానం వచ్చినదాన్ని పక్కన పెట్టెయ్యండి, ఒక్క ముక్కకి కక్కుర్తి పడొద్దు.

జింకంటే ఇంత భయం ఎందుకంటే, సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, జింకు దగ్గర దగ్గర 420 కి. మంట అదుపులో ఉంటే పొరపాటున పడిన జింకు ముక్క ఇనుప క్లిప్పులతో పాటు పైన తేలుతుంది, చిల్లుల గరిటెతో తీసెయ్యొచ్చు. మంట ఎక్కువైతే అదీ కరిగి సీసంలో కలుస్తుంది. అప్పుడు మూకుడంతా సంకటిలా చిక్కబడి అచ్చులోకి దిగదు, గుళ్ళు సగం సగం పడతాయి. ఇంటి దగ్గర దాన్ని విడదీసే మార్గం లేదు.

చక్రం లోపలి వైపు జిగురుతో అతికించే బిళ్ళలు వేరు. వాటిలో సీసంవి ఉంటే అవి మెత్తనివి, వలకి అవే బంగారం. వెనక జిగురు పట్టీ వీలైనంత గీకెయ్యండి, లేకపోతే పొగ కంపు భరించలేం. పాత వలల గుళ్ళు మెత్తవే. పాత కేబుళ్ళ మీద తొడిగిన సీసం తొడుగు ఇంకా మంచిది. ఓ సరదా సంగతి, కొట్లో వాడే ఇనుప తూనిక రాళ్ళ గుంటలో కూడా సీసం పోసి దాని మీదే తూనికల శాఖ ముద్ర కొడతారు. పాతబడిన రాళ్ళ కోసం పాతసామాన్ల కొట్లో వెతికేవాళ్ళు మా వైపు ఉన్నారు, దొరికేది మాత్రం చెంచాడు.

బ్యాటరీ సీసం జోలికి పోకండి. ఈ ఒక్క మాటకీ మినహాయింపు లేదు. ఆ పలకల మీద ఉండేది లోహం కంటే సీసం బూడిదే ఎక్కువ. వాటిలో కలిపే ఆర్సెనిక్, ఆంటిమొని, కాల్షియం వల్ల పైకొచ్చే చిట్టేనికి తడి తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే విషవాయువులు పుడతాయి. ఇంకోటి, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీ రీసైక్లింగుకి వెళ్ళాల్సిందే. కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి ధర తగ్గించుకోండి.

కరిగించేది ఆరుబయట, ఇంటికీ నుయ్యికీ పశువుల పాకకీ దూరంగా. గాలి వీపు మీద నుంచి వచ్చేట్టు నిలబడాలి. పాత ఇనుప మూకుడు, ఇనుప గరిటె వాడండి, అవి మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదు. అల్యూమినియం గిన్నె అంత వేడి మీద బరువుకి వంగి చిల్లు పడుతుంది. కట్టెల మంట చాలు. ముక్కల్ని చల్లటి మూకుట్లోనే వేసి అన్నిటినీ కలిపి వేడెక్కించండి. కరిగాక పైనుంచి కొత్త ముక్క వెయ్యకూడదు. ఇదిగో నీళ్ళ సంగతి ఇక్కడే. ముక్క సందులో ఒక్క చుక్క తడి ఉన్నా కరిగిన సీసం కింద అది ఒక్కసారిగా ఆవిరై మూకుడంతా మొహం మీదకి చిమ్ముతుంది. మన లంక ఊళ్ళలో గాలే తడి. రాత్రి అరుగు మీద వదిలేసిన అచ్చు పొద్దున్నకి చెమ్మపట్టి ఉంటుంది. అందుకని మొదటి పోత ముందు అచ్చుని మంట పక్కన వేడి చెయ్యాలి. వానాకాలంలో మేము ఈ పని ముట్టుకోం. కళ్ళకి అద్దాలు, కాళ్ళకి బూట్లు, ఒంటికి మందపు నూలు బట్టలు. లుంగీ కట్టుకుని చేసేవాళ్ళని చూశాను, వాళ్ళ ధైర్యం వాళ్ళది.

కరిగాక కాస్త మైనం వేసి గరిటెతో కలపండి, మైనం భగ్గున అంటుకుంటుంది, వెనక్కి జరగండి. తెట్టు పైకొస్తుంది, తీసి మూత ఉన్న డబ్బాలో వెయ్యండి. అచ్చు లేతు షాపులో చేయించుకున్న అల్యూమినియం రెండు పలకలది అయితే బాగుంటుంది. మధ్య చిల్లు కోసం సైకిల్ చక్రం పుల్ల పెట్టి, దానికీ అచ్చు లోపలికీ కొవ్వొత్తి మసి పట్టిస్తే గుండు అంటుకోకుండా ఊడొస్తుంది.

ఇప్పుడు విషం సంగతి. చాలామంది పొగకి భయపడతారు. సీసం మరిగేది 1749 డిగ్రీలకి, మన మూకుడు ఆ దరిదాపులకి పోదు, ఆవిరి లేనట్టే. పొట్టలోకి వెళ్ళేది తెట్టు బూడిద, చేతికంటిన మసి. పోత పోస్తూ బీడీ కాల్చే అలవాటే అన్నిటికంటే చెడ్డది, చేతి మసి నేరుగా నోట్లోకి పోతుంది. దాని తర్వాతది నోటితో వల పట్టడం. విసిరేముందు వల అంచుని పళ్ళ మధ్య బిగించి తిప్పుతాం కదా, గుళ్ళు పెదాలకి రాసుకుంటూనే ఉంటాయి. గుళ్ళకీ గుళ్ళకీ మధ్య తాడునే పట్టండి. గాలపు దారానికి సన్న గుండుని పంటితో కొరికి బిగించేవాళ్ళు ప్లేయరు వాడండి. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనే హద్దేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే పోత రోజున పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ చుట్టుపక్కలకి రానివ్వం. బట్టలు విడిగా ఉతికి, స్నానం చేశాకే అన్నం.

సీసం లేకుండా అవదా అని అడిగే వాళ్ళుంటారు. నిలబెట్టే వలలకి కాల్చిన మట్టి గుళ్ళు హాయిగా సరిపోతాయి. విసురువల దగ్గరే చిక్కు. సీసం నీటికి పదకొండు రెట్లు బరువు, ఇనుము ఎనిమిది రెట్లకి లోపే. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మడుగుల్లో జెల్లలూ చేదుపరిగెలూ పట్టడానికి సన్న ఇనుప గొలుసు అంచు చాలు, లోతు లేదు కదా. ఏటిలో, ఉప్పునీటి వైపు అయితే గొలుసు నెమ్మదిగా దిగుతుంది, తుప్పు దారాన్ని తింటుంది. ఇంగ్లండులో హంసలు సన్న సీసం గుళ్ళని గులకరాళ్ళనుకుని మింగి చస్తున్నాయని 1987 నుంచి 28 గ్రాముల లోపు గాలపు గుళ్ళు చాలావరకు నిషేధించారు. మడ చెట్ల వేళ్ళకి చిక్కుకున్న వలని తెంపి పారేసే ముందు గుళ్ళు కోసుకుని తెచ్చుకోవడం మనకీ మంచిదే, మళ్ళీ పోతకి పనికొస్తాయి.

మీ డబ్బాలో క్లిప్పు ముక్కలే ఎక్కువ ఉంటే వాటిని సుత్తితో బిగించే గుళ్ళకి వాడకుండా, తాడుకి గుచ్చే చిల్లు గుళ్ళకి వాడుకోండి, అక్కడ గట్టిదనం అడ్డం కాదు. అంచులు మాత్రం ఆకురాయితో కాదు, కత్తితో గీకి నున్నగా చెయ్యండి, ఆకురాయి పొడి లేపుతుంది. జింకు, ఇనుము, తెట్టు డబ్బా మూడూ పాతసామాన్ల కొట్టుకే, తెట్టులో సీసం ఉందని మాత్రం చెప్పి ఇవ్వండి.