అటకామా ఎడారిలో వాన పడగానే అన్ని పూలు ఎక్కడి నుంచి వస్తాయి?

కొత్తగా ఎక్కడి నుంచో రావు, అక్కడే ఉంటాయి. చిలీ ఉత్తర భాగంలో, కోపియాపో చుట్టుపక్కల నేలలో విత్తనాలు, దుంపలు ఏళ్ల తరబడి వాన కోసం ఎదురుచూస్తుంటాయి.

చిన్న జల్లుకు మోసపోకపోవడమే వీటి గొప్పతనం. తొలకరికే విత్తాక వాన మొహం చాటేస్తే మొలకలు ఎలా ఎండిపోతాయో మన రైతులకు బాగా తెలుసు. ఎడారి విత్తనం అలా తొందరపడదు. చాలా ఎడారి మొక్కల విత్తనాల పైపొరలో మొలకను ఆపే రసాయనాలుంటాయి. నేల బాగా తడిసేంత వాన కురిస్తేనే అవి కొట్టుకుపోతాయి. అప్పుడు కూడా అన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని రాబోయే ఏళ్ల కోసం మట్టిలోనే ఆగిపోతాయి. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

అలాంటి వానలు అక్కడ ఎక్కువగా ఎల్ నినో ఏళ్లలో, అంటే పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కన్నా వేడెక్కే ఏళ్లలో పడతాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు వాళ్ల చలికాలం. అప్పుడు కురిస్తే సాధారణంగా సెప్టెంబర్, నవంబర్ మధ్య పూస్తాయి. 'పాటా దె గ్వానాకో' అనే మొక్క మైళ్ల కొద్దీ ముదురు గులాబీ రంగు పరిచేస్తుంది. 'అన్యన్యుకా' మాత్రం దుంప నుంచి లేస్తుంది. 2015 మార్చిలో ఆ ప్రాంతాన్ని వరదలు ముంచెత్తి ప్రాణాలు తీశాయి. అదే ఏడాది ఎడారి అరుదైన స్థాయిలో పూసింది.

చూడటానికి వెళ్తే దయచేసి దారి దిగకండి. గింజ కట్టకముందే నలిగిన మొక్క తర్వాతి వానకు ఏమీ మిగల్చలేదు.