అల్లిక సందేహాలు: అమ్మమ్మ చేతి ఉబ్బెత్తు దుప్పటి

ప్రశ్న: నాకు అరవై ఒక్క ఏళ్లు. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. చిన్నతనం నుంచి లేసు అల్లిన చేయి నాది. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. డిసెంబరులో పురుడు. పుట్టబోయే బిడ్డకు, చేత్తో తడిమితే ఎగుడుదిగుడుగా తగిలే అల్లికతో ఒక దుప్పటి అల్లి పంపాలని కోరిక. రెండుసార్లు మొదలుపెట్టి విప్పేశాను. ఊలుతో అల్లినది అట్టలా బిగుసుకుపోయింది, సన్న నూలుతో అల్లినది చేపల వలలా వచ్చింది. ఇది చాలదన్నట్టు మా అమ్మాయి, "అమ్మా, ఇక్కడ పసిపిల్లల తొట్టిలో దుప్పటి వేయకూడదంటారు" అంటోంది. ఇక అల్లడం దండగేనా? (ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: అల్లండి. మీ రెండు దుప్పట్లూ చెడిపోవడానికి నాకు తోచిన కారణం, మీ చేతికి లేసు మరీ బాగా తెలిసి ఉండడమే. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు గోదావరి ప్రాంతానికి తెచ్చిన ఈ విద్యను నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఆడవాళ్లు తరతరాలుగా ఇళ్ల అరుగుల మీద కూర్చుని ఎంత సొంతం చేసుకున్నారంటే, 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పనిలో సూది దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది, నూలు కుట్టుదారం కంటే కాస్త లావుగా ఉంటుంది, దారాన్ని చూపుడువేలికి బిగించి పట్టుకోవడం అలవాటవుతుంది, పువ్వుకూ పువ్వుకూ మధ్య ఎంత ఖాళీ తేలితే పనితనం అంత గొప్పదని పేరు. పసిబిడ్డ దుప్పటికి ఆ ఖాళీయే పనికిరాదు. అదే బిగువుతో లావు ఊలును లాగితే అట్ట కాక మరేమవుతుంది?

కనుక ముందుగా సూది మార్చండి. 4 లేదా 4.5 మిల్లీమీటర్ల సూది, దానికి తగినట్టుగా మరీ లావూ మరీ సన్నమూ కాని దారం తీసుకోండి. దుకాణంలో 'డీకే' అని అడిగితే ఇస్తారు. దారాన్ని వేలికి రెండు చుట్లు తిప్పే అలవాటుంటే ఒక చుట్టు తీసేయండి. మొదటి గొలుసును మాత్రం అర మిల్లీమీటరు పెద్ద సూదితో అల్లి, తర్వాతి వరుస నుంచి అసలు సూదికి మారండి, లేకపోతే దుప్పటి అడుగు అంచు విల్లులా వంగుతుంది. తొలి రెండు రోజులు చేయి మొరాయిస్తుంది. యాభై ఏళ్ల అలవాటు గదా, దాన్ని తిట్టుకోకండి.

దారం విషయానికి వస్తే, అచ్చమైన ఊలు బిడ్డ చర్మానికి గుచ్చుకోవచ్చు, పైగా వాషింగ్ మెషీన్‌లో పడితే కుంచించుకుని గట్టిపడుతుంది. పురిటి ఇంట్లో దుప్పటిని ఎవరూ చేత్తో ఉతుకుతూ కూర్చోరు. అందువల్ల నూలు, అక్రిలిక్ కలిసిన దారం నయం. నూలు ఒక్కటే వాడితే బరువెక్కుతుంది, అక్రిలిక్ ఒక్కటే అయితే గాలి ఆడదు. నూగు లేచే దారాలు, మెరుపు తీగ కలిపినవి ఎంత ముద్దొచ్చినా వద్దు, ఆ నూగు బిడ్డ నోట్లోకి పోతుంది. రంగు లేతగా, ఒక్కటిగా ఉండాలి. మీరు కోరుకున్న ఎగుడుదిగుడు కంటికి కనబడేది వెలుగునీడల వల్లే కాబట్టి, ముదురు నీలం రంగులోనూ, నాలుగు రంగులు మారే దారంలోనూ మీ పనితనమంతా మునిగిపోతుంది. ఉండలన్నీ ఒకేసారి కొనండి, చీటీల మీది లాట్ నంబరు ఒకటేనా అని చూసుకోండి. తెలుపులో తేడా ఏముంటుందని ఒకసారి నేను అశ్రద్ధ చేశాను. ఆ దుప్పటి కింది భాగం పాలలా, పై భాగం మజ్జిగలా తేలింది.

ఇక అల్లిక. మీకు నేను చెప్పేది వాఫిల్ కుట్టు. గుంట పునుగుల పెనంలా వరుసగా చిన్న చిన్న గుంటలు, చుట్టూ గట్లు వస్తాయి. గుంట ఉంటుంది గాని రంధ్రం ఉండదు, అందుకే పసివాళ్లకు అనువైనది. సూదికి ఒకసారి దారం చుట్టుకుని అల్లే పొడుగు కుట్టు మీకు తెలిసిందే. దాన్ని మామూలుగా కింది కుట్టు తలలో గుచ్చి అల్లుతాం. ఇందులో కొన్నిచోట్ల తలను వదిలేసి, సూదిని ముందు వైపు నుంచి పోనిచ్చి, కింది కుట్టు కాడ వెనకగా తిప్పి, మళ్లీ ముందుకే తీసి అల్లుతాం. దీన్ని కాడ కుట్టు అందాం.

మొత్తం కుట్లు మూడుతో భాగించబడాలి. ఉదాహరణకు 105 అనుకుంటే 107 గొలుసులు వేసి, సూది నుంచి మూడో గొలుసులో మొదలుపెట్టి, మొదటి వరుసంతా పొడుగు కుట్లు అల్లండి. ప్రతి మలుపులో రెండు గొలుసులు వేయండి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. రెండో వరుసలో మొదటి కుట్టు మామూలు పొడుగు కుట్టు. ఆ తర్వాత ఒక కాడ కుట్టు, రెండు మామూలు కుట్లు, ఇలా సాగి, చివర ఒక కాడ కుట్టు, ఒక మామూలు కుట్టుతో ముగియాలి. మూడో వరుసలోనూ మొదటిది మామూలే. అక్కడి నుంచి కాడ కుట్టు ఎదురైన చోట దాని తలలో మామూలు కుట్టు, పక్కనున్న రెండింటికీ కాడ కుట్లు, ఇలా వెళ్లి చివరి రెండూ మామూలుగా అల్లాలి. ఈ రెండో, మూడో వరుసలే చివరిదాకా మార్చి మార్చి వస్తాయి. అయిదారు వరుసలయ్యేదాకా గళ్లు కనబడవు కాబట్టి, తప్పు పోయిందనుకుని తొందరపడి విప్పకండి. దుప్పటి వెనక వైపు కొంత చదునుగా ఉంటుంది, అది సహజం.

105 అన్నది నా చేతి లెక్క, మీ చేతికి వేరుగా రావచ్చు. ముందు 24 కుట్లతో సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తున ఒక నమూనా ముక్క అల్లి, దుప్పటిని ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి ఆరేసి, అప్పుడు టేపు పెట్టండి. ఆ 24 కుట్లు 17 సెంటీమీటర్లు వస్తే, 75 సెంటీమీటర్ల వెడల్పుకు సుమారు 106 కావాలి. మూడుతో పోయేలా 105 తీసుకుంటాం. దారం ఎంత పడుతుందో కూడా ఆ ముక్కే చెబుతుంది. వంటింటి తూకం మీద పెట్టి చూడండి. 17 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తున్న ముక్క 18 గ్రాములు తూగితే, 75కి 90 సెంటీమీటర్ల దుప్పటి దానికి ఇరవై ఆరున్నర రెట్లు గనుక దాదాపు 480 గ్రాములు పడుతుంది. 50 గ్రాముల ఉండలు పదకొండు కొనుక్కోండి. కాడ కుట్టు దారాన్ని మామూలు కుట్టు కంటే ఎక్కువ తింటుంది, కాబట్టి సాదా దుప్పటికి రాసిన కొలతలను నమ్ముకోవద్దు. వరుస సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు వస్తుందనుకున్నా తొంభై దాటుతాయి. రోజుకు మూడు వరుసల చొప్పున నెల రోజుల పని. డిసెంబరుకు కాదు, పార్సిలు ప్రయాణం కూడా కలుపుకుని అక్టోబరు చివరికి ముగించేలా చూసుకోండి.

అమ్మాయి చెప్పిన మాట నిజం. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చేస్తున్న సూచన ప్రకారం, బిడ్డకు ఏడాది నిండేదాకా నిద్రపోయే చోట వదులుగా ఉండే దుప్పట్లు, దిండ్లు, మెత్తటి బొమ్మలు ఉంచకూడదు. మొహం మీదికి జారితే పసిబిడ్డ తీసుకోలేదు. మన ఇళ్లలో పాత చీరల బొంత మీద పడుకోబెట్టి, చుట్టూ దిండ్లు అడ్డం పెట్టి పెంచామని మనకు నొచ్చుకోవడం సహజమే గాని, ఈ విషయంలో అమ్మాయిదే పైచేయి కానివ్వండి. దుప్పటికి వేరే పనులున్నాయి. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి బోర్లా పడుకోబెట్టడానికి, పెద్దవాళ్ల కళ్ల ముందు ఒళ్లో కప్పడానికి, కారు సీటులో బెల్టులు పెట్టేశాక వాటి పైనుంచి మొహం తగలకుండా కప్పడానికి (బెల్టుల కిందికి మాత్రం ఎప్పుడూ పోకూడదు) వాడుకోవచ్చు. బిడ్డ బోర్లపడిన నాడు మీరు బొబ్బట్లు పంచుతారు గదా, ఆ రోజు ఆ చిన్న వేళ్లు గీకి గీకి చూసేది మీ గట్లనూ గుంటలనే.

మరొక్క జాగ్రత్త. మీ చేయి ఊరుకోదని తెలుసు, అంచుకు లేసు పెట్టాలనిపిస్తుంది. దయచేసి వద్దు. వదులు గొలుసు ఉచ్చుల్లో కాలివేలు చిక్కుకుంటుంది, దారం చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోయే ప్రమాదం ఉంది. అంచు చుట్టూ పొట్టి కుట్లు రెండు వరుసలు చాలు. దారం కొసలను ముడి వేసి కత్తిరించకుండా, నాలుగైదు అంగుళాలు వదిలి, మొద్దు సూదితో ఒక దిక్కుకు, మళ్లీ వెనక్కి, ఇంకోసారి అడ్డంగా పోనిచ్చి దాచండి.

ప్రశ్న: మనవరాలి కోసం వీడియో చూస్తూ బొబ్బల కుట్టుతో (చిన్న చిన్న బొబ్బల్లా పొంగే అల్లిక) దుప్పటి మొదలుపెట్టాను. వాళ్ల దుప్పటిలో ఉన్న ఎత్తు నా దాంట్లో రావడం లేదు. పైగా 90 కుట్లతో మొదలైనది ఇరవై వరుసలకే 82కు దిగింది, ఒక పక్క ఏటవాలుగా పోతోంది. (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: మీవి రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది పేర్ల తికమక. అమెరికా వాళ్లు 'డబుల్ క్రోషే' అనేదాన్ని ఇంగ్లండు వాళ్లు 'ట్రెబుల్' అంటారు, ఇంగ్లండు వాళ్ల 'డబుల్' అమెరికా వాళ్లకు 'సింగిల్'. పై జవాబులో నేను పొడుగు కుట్టు అన్నది అమెరికా డబుల్, పొట్టి కుట్టు అన్నది అమెరికా సింగిల్. మీరు ఒక దేశపు వీడియో చూసి మరో దేశపు కుట్టు వేస్తున్నారనుకుంటాను. సూచనల్లో 'సింగిల్ క్రోషే' అన్న మాట ఒక్కసారైనా కనిపిస్తే అది అమెరికా పద్ధతి అని నిర్ధారించుకోవచ్చు, ఎందుకంటే ఇప్పటి ఇంగ్లండు పద్ధతిలో ఆ పేరుతో కుట్టే లేదు. బొబ్బల విషయంలో ఇంకో సంగతి ఉంది. ఒకే చోట అయిదు పొడుగు కుట్లను సగం సగం అల్లి, చివర ఒక్కసారిగా కలిపి లాగాక, దాని పక్క కుట్టు పొట్టిగా, బిగువుగా వేస్తేనే బొబ్బ పొంగుతుంది. పక్కన కూడా పొడుగు కుట్టే వేస్తే అది చదునుగా పడుకుంటుంది. బొబ్బలు అల్లేవాళ్లకు అవతలి వైపున పొంగుతాయి, కాబట్టి వాటిని వెనక వైపు వరుసల్లోనే వేయాలి.

రెండోది లెక్క తప్పడం. మలుపు దగ్గర చివరి కుట్టు గొలుసు చాటున నక్కి ఉంటుంది, దాన్ని వదిలేస్తే వరుసకు ఒకటి పోతుంది. ప్రతి వరుస మొదటి కుట్టుకూ చివరి కుట్టుకూ ఒక్కో పిన్నీసు తగిలించి, పైకి వెళుతున్న కొద్దీ మార్చుకుంటూ పోండి. దుప్పటి పూర్తయ్యాక ఆ పిన్నీసులన్నీ లెక్కపెట్టి తీసేశారని నిశ్చయించుకోండి. ఇప్పుడున్నదాన్ని కుట్లు కలిపి సరిచేయాలని చూడవద్దు, 90 ఉన్న వరుస దాకా విప్పేయండి. బాధగానే ఉంటుంది గాని ఆ వంపు ఉతికినా పోదు.

ప్రశ్న: అల్లిన దుప్పటి ముడతలుగా ఉంది. ఇస్త్రీ చేసి పంపవచ్చా? (ఒక పాఠకుడు, బెంగళూరు; అల్లినది తమ శ్రీమతి అని రాశారు)

జవాబు: దారంలో అక్రిలిక్ ఏమాత్రం ఉన్నా ఇస్త్రీ పెట్టె తాకించవద్దు. నా మొదటి మనవడి దుప్పటిని బారసాల ముందు రోజు రాత్రి నేను స్వయంగా పాడుచేశాను. పెట్టె ఆనించిన చోట బొబ్బలు ఒక్క క్షణంలో అణిగి, తడి అప్పడంలా నున్నగా మెరిశాయి, మళ్లీ లేవలేదు. ఆ మూలను మడతలోకి దాచి ఫోటోలు తీయించుకున్నాం. మీరు గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు అద్ది, మంచం మీద పొడి దుప్పటి పరిచి, దానిపై చదరంగా సర్ది, మూలలకు పిన్నులు గుచ్చి నీడన ఆరనివ్వండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. ఆరాక పిన్నులు తీసి, పార్సిలులో మడతపెట్టకుండా వదులుగా చుట్టి పంపమని శ్రీమతిగారికి చెప్పండి, గట్లు అణగవు.