ఆ పాటను లేపనం అనకు

పెరంబూరు, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

మహమ్మారుల కాలంలో పుట్టిన ప్రయోగాత్మక సంగీతం మీద నువ్వు పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివానమ్మా. అమెరికన్ గాయని డయమాండా గలాస్ ఎయిడ్స్ మహమ్మారి మీద కట్టిన ‘ప్లేగ్ మాస్’ వంటి కఠినమైన కృతిని తొలి వ్యాసానికే ఎంచుకున్నందుకు నీ మీద గౌరవం కలిగింది. అయితే ఆ సంగీతాన్ని పదే పదే ‘గాయాలకు లేపనం’ అన్నావు. ముందు ఆ మాట తీసివెయ్యి. ఆమె పాడింది ఓదార్చడానికి కాదు, నేరం మోపడానికి.

ఆమె సోదరుడు, నాటక రచయిత ఫిలిప్-డిమిట్రి 1986లో ఎయిడ్స్‌తో మరణించాడు. అదే ఏడాది వెలువడిన ‘ది డివైన్ పనిష్‌మెంట్’లో ఆమె బైబిలు లేవీయకాండములోని శుద్ధాశుద్ధ విధులను తీసుకుని, రోగిని వెలివేసేవారి గొంతుతోనే వాటిని పలికింది. 1989 డిసెంబరులో న్యూయార్క్‌లోని సెయింట్ పాట్రిక్ కెథెడ్రల్‌లో జరిగిన ఎయిడ్స్ నిరసనలో పాల్గొని అరెస్టయింది. మరుసటి ఏడాది అక్టోబరులో అదే నగరంలోని సెయింట్ జాన్ ది డివైన్ కెథెడ్రల్‌లో, నడుము పైభాగం నగ్నంగా, ఒంటినిండా నెత్తుటి వంటి ద్రవంతో నిలబడి ‘ప్లేగ్ మాస్’ పాడింది. ఇవన్నీ నీ వ్యాసంలో ఉన్నాయి కాని, ఆ గొంతు మాత్రం లేదు. ‘అద్భుతం’, ‘అలౌకికం’ అన్న మాటలు పాఠకుడికి ఏమీ వినిపించవు. ఊపిరి ఎక్కడ తెగిందో, ఉచ్చారణ ఎక్కడ అరుపైందో, ఒకటికి మించిన మైకుల గుండా సాగిన ఒక్క గొంతు ఎప్పుడు గుంపుగా మారిందో రాయి.

ఆ గుంపు విషయం మీద మనసు పెట్టు. గ్రీకు శోకగీతాల సంప్రదాయం నుంచి వచ్చిన గాయని ఆమె. మన ఇళ్లలో ఆడవాళ్లు శోకాలు పెట్టినా, ఈ ఊరి పేటల్లో ఒప్పారి అనే తమిళ చావుపాటలు పాడినా, ఒకరు అందుకుంటే మిగిలినవారు కలుస్తారు. చచ్చిపోయినవారిని పొగుడుతూనే, బతికుండగా వారిని చూడనివారిని అందరి ముందూ నిలదీస్తారు. 2020 లాక్‌డౌన్‌లో అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదన్నప్పుడు మనం పోగొట్టుకున్నది ఆ నిలదీసే హక్కును కూడానని నా నమ్మకం.

న్యూయార్క్ గురించి రాయడానికి న్యూయార్క్‌లో ఉండనక్కరలేదు, అయితే నువ్వున్న చోటును మరచిపోకూడదు. మన దేశంలో హెచ్‌ఐవీని తొలిసారి గుర్తించింది ఈ నగరంలో, అదే 1986లో, మద్రాసు మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్‌తో మరణించిన ఒక వైద్యుణ్ణి ఖననం చేయనివ్వకుండా రాళ్లు రువ్వినదీ ఈ నగరంలోనే. వెలివేసేవారి గొంతును గలాస్ ఎందుకు అరువు తెచ్చుకుందో ఆ రాళ్లను తలచుకుంటే అర్థమవుతుంది. నీ వ్యాసానికి కావలసిన పేరా అది.

తిరగరాసే ముందు ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి వైపు వెళ్లి, ఒప్పారి పాడే స్త్రీలను కలువు. అనుమతి లేకుండా ఫోనులో రికార్డు చెయ్యకు. పాడించుకుంటే వారు అడిగిన ప్రతిఫలం ఇవ్వు. చావింట్లో మాత్రం ఏమీ అడగకు. ఆ తర్వాత రాసిన ప్రతిని నాకు పంపు.

శుభాకాంక్షలతో.