సన్‌షేడ్లు ఉండనివ్వండి, ముందు నీటి సంగతి చూడండి

ప్రశ్న: మా మామగారు 1979లో నంగనల్లూరులో ఒక గ్రౌండు (2,400 చదరపు అడుగులు) స్థలంలో కట్టించిన ఇల్లు మాది. గోడలు దృఢంగానే ఉన్నాయి గాని, ముందువైపు రెండు సన్‌షేడ్ల అడుగున పెచ్చులూడి ఇనుప కడ్డీలు కనబడుతున్నాయి. వరండా గోడకు నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు ఉప్పు పూస్తోంది. రెండుసార్లు రంగు వేయించినా ఆరు నెలలు నిలవలేదు. సన్‌షేడ్లు కొట్టేసి, ముందుభాగమంతా ముదురు బూడిదరంగు టైల్సు అతికిస్తే కొత్త ఇల్లులా ఉంటుందని మేస్త్రి అంటున్నారు. అలా చేయించవచ్చా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: సన్‌షేడ్లు కొట్టించవద్దని మొదటే చెబుతున్నాను. ఆ కాలపు ఇళ్లలో సన్‌షేడును చాలావరకు కిటికీపై అడ్డంగా ఉండి గోడ బరువును మోసే దూలంతో (లింటెల్) కలిపి ఒకే పోతగా పోసేవారు కాబట్టి, సుత్తి దెబ్బలకు లింటెల్ కదిలి పైనున్న ఇటుక కట్టుడు పగిలే ప్రమాదం ఉంది. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వచ్చే వాన గాలికి ఏటవాలుగా గోడను కొడుతుంది. మే నెల ఎండ సంగతి మీకు తెలిసిందే. ఆ రెండింటినీ కిటికీకి అవతలే ఆపుతున్నది ఆ పాతకాలపు పలక. టైల్సు ఆ పని చేయలేవు.

పెచ్చులు ఎందుకు ఊడుతున్నాయో తెలిస్తే మరమ్మతు తేలికవుతుంది. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుమును తుప్పు పట్టకుండా కాపాడుతుంది. నలభై ఏళ్లలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు మెల్లగా లోపలికి ఇంకి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, నిలిచిన వాననీరు తోడైతే కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటును లోపలి నుంచి తోసి పగలగొడుతుంది. అందుకే పైపైన సిమెంటు మెత్తితే రెండు వానలకే మళ్లీ ఊడుతుంది. సన్‌షేడు కింద ఊతకర్రలు పెట్టించి, కడ్డీ చుట్టూ వదులుగా ఉన్న కాంక్రీటునంతా చెక్కించి, వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా తుప్పు గీకించి, తుప్పు నిరోధక పూత వేయించాకే పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్పించండి. కడ్డీలు బాగా సన్నబడి ఉంటే ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించక తప్పదు. పైభాగంలో నీరు బయటికి జారేలా వాలు, అడుగున ముందు అంచుకు దగ్గరగా వేలి మందం గాడి ఉండాలి. ఆ గాడి లేకపోతే వాననీరు అడుగుభాగాన్ని పట్టుకుని గోడ దాకా పాకుతుంది.

ఇక ఉప్పు పూసిన గోడ. నేలలోని చెమ్మ ఇటుకల గుండా పైకెక్కి, గోడ ముఖం మీద ఆరిపోతూ, తనతో తెచ్చిన ఉప్పును అక్కడ వదిలివేస్తుంది. రంగును లోపలి నుంచి తోసేది ఆ ఉప్పే. దాని మీద టైల్సు అతికిస్తే చెమ్మ ఆరే దారి మూసుకుపోయి ఇంకా పైకి ఎక్కుతుంది, లేదా హాలువైపు తేలుతుంది. ఒకసారి మీ వీధి మట్టాన్ని గమనించండి: పాత పొర చెక్కకుండానే తారు మీద తారు వేస్తూ వచ్చిన చెన్నై వీధుల్లో, ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లవలసి వస్తోంది. మీదీ అదే పరిస్థితి అయితే, ప్రహరీ లోపలి నీరు గోడ మొదట్లో నిలవకుండా వాలు చేయించి, వాననీటి ఇంకుడు గుంత పూడిపోయి ఉంటే శుభ్రం చేయించండి. తమిళనాడులో 2003 నుంచి ఆ ఏర్పాటు తప్పనిసరి గనుక మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఆ తరువాత చెమ్మ మచ్చకు ఒక అడుగు పైవరకు పాత పూత తీయించి, ఉప్పును పొడిబ్రష్షుతోనే దులిపించి, వేసవి అంతా గోడను ఆరనివ్వండి. మళ్లీ పూసేటప్పుడు సున్నపు పూత మేలు. మన ఊళ్లలో సంక్రాంతికి ముందు గోడలకు సున్నం కొట్టించేవారు. అది చెమ్మను లోపల బంధించకుండా బయటికి వదులుతుంది.

రంగు విషయానికొస్తే, పడమటి ఎండ తగిలే గోడకు ముదురు బూడిద వద్దు, లేతరంగు వేయించండి. సన్‌షేడ్ల అంచులకూ పిట్టగోడకూ కాస్త ముదురు ఛాయ ఇస్తే చాలు, ఇంటి రూపు మారుతుంది. పాత గ్రిల్లును మార్చకండి. గీకించి రెడ్ ఆక్సైడ్ వేయించి పెయింటు కొట్టిస్తే సరిపోతుంది.

సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెడితే అక్టోబరు వానలకు ముందే ముగించవచ్చు. సిమెంటు పూత వేసిన చోట వారం రోజులు తడిపించి, మొత్తం 28 రోజులైనా గడిచాకే రంగు వేయించండి. మేస్త్రి ఇచ్చే అంచనాలో సన్‌షేడ్ మరమ్మతు, గోడ పూత, రంగు ఖర్చులను విడివిడిగా రాయించుకుని, మొదటి రెండు పూర్తయ్యేదాకా రంగుకు బయానా ఇవ్వకండి.