తాతగారు తెచ్చే చాక్లెట్లు, మనవడి పుచ్చిపళ్ళు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బాబుకు ఐదేళ్ళు, పాపకు రెండేళ్ళు. మావయ్య గారు రోజూ సాయంత్రం బజారు నుంచి వస్తూ మనవడికి చాక్లెట్లు, పిప్పరమెంటు బిళ్ళలు తెస్తారు. వాడు వాటిని గూట్లో దాచుకుని, పడుకునే వరకు ఒక్కొక్కటే చప్పరిస్తూ ఉంటాడు. కింది దవడ పళ్ళు రెండు పుచ్చి నల్లబడ్డాయి. వారం రోజులుగా అర్ధరాత్రి నొప్పితో లేచి ఏడుస్తున్నాడు. పాలపళ్ళే కదా, ఊడిపోయేవాటికి వైద్యమెందుకని అత్తయ్య గారు అంటున్నారు. తీపి ఎక్కువైతే నులిపురుగులు పడతాయనీ, షుగరు జబ్బు వస్తుందనీ కూడా అంటున్నారు. చాక్లెట్లు మాన్పించి బెల్లం జీళ్ళు ఇస్తే ఫరవాలేదా?
— ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా నొప్పి సంగతి. ఏదైనా తిన్నప్పుడు మాత్రమే జివ్వుమనే పన్ను వేరు, నిద్రలోంచి లేపి ఏడిపించే పన్ను వేరు. రెండవది సాధారణంగా పుచ్చు పంటి లోపలి నాడి వరకు చేరిందనడానికి గుర్తు. కాబట్టి ఈ వారంలోనే దంతవైద్యుడికి చూపించండి. బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా ఒక్క రోజు కూడా ఆగకండి. పాలపళ్ళు ఊడిపోతాయన్న మాట నిజమే కాని, ముందు పళ్ళు 6, 7 ఏళ్ళకు ఊడితే, దవడ పళ్ళు 10 నుంచి 12 ఏళ్ళ దాకా ఉండవలసినవి. మీ బాబు ఇంకా చాలా ఏళ్ళు వాటితోనే అన్నం నమలాలి. తరువాత వచ్చే శాశ్వత దంతాలకు చోటు కాపాడేవీ అవే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది చాక్లెట్ల సంఖ్య కాదు, "పడుకునే వరకు ఒక్కొక్కటే" అన్న మాట. నోటిలోని సూక్ష్మజీవులు పంచదారను తిని ఆమ్లాన్ని వదులుతాయి, ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి నోటిని మామూలు స్థితికి తేవడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. నాలుగు చాక్లెట్లు ఒక్కసారే తిన్న పిల్లవాడి పళ్ళకు ఒక్క దెబ్బ తగిలితే, అవే నాలుగింటిని గంటకొకటి చొప్పున చప్పరించిన పిల్లవాడి పళ్ళు సాయంత్రమంతా ఆమ్లంలో నానుతూనే ఉంటాయి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది గనుక చివరి బిళ్ళ చేసే చెరుపు అన్నిటికన్నా ఎక్కువ.

ఈ సంగతి స్వీడన్‌లోని విపేహోల్మ్ అనే సంస్థలో 1945 నుంచి 1953 వరకు జరిగిన అధ్యయనంలో స్పష్టంగా తేలింది. భోజనంతో పాటు తీపి తిన్నవారి పళ్ళు పెద్దగా చెడలేదు. భోజనాల మధ్య పళ్ళకు అతుక్కునే టాఫీలు తిన్నవారి పళ్ళు దారుణంగా పుచ్చిపోయాయి. అక్కడ ఉన్నవారు మానసిక వైకల్యం గల నిస్సహాయులు, వారి అనుమతి ఎవరూ అడగలేదు. అది క్షమించరాని తప్పు. వారి పళ్ళు పోగొట్టి నేర్చుకున్న పాఠాన్ని మనం నిర్లక్ష్యం చేయకూడదని నా మనవి.

ఇక జీళ్ళు. బెల్లంలోనూ అధిక భాగం పంచదారే, పైగా జీడి పంటి గుంటల్లో పట్టుకుని ఎంతకీ వదలదు. చాక్లెట్టు మాన్పించి జీడి ఇవ్వడం వల్ల పళ్ళకు ఏ మేలూ లేదు.

తీపి వల్ల నులిపురుగులు పడవు. వాటి గుడ్లు మట్టి చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా కడుపులోకి చేరతాయి. షుగరు జబ్బు విషయంలో అత్తయ్య గారి భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం మిఠాయిల వల్ల వచ్చేది కాదు కాని, ఏళ్ళ తరబడి తీపి, తీపి పానీయాలు ఎక్కువై ఒళ్ళు పెరిగితే, కాలేయంలో కొవ్వు చేరడానికీ, పెద్దయ్యాక మధుమేహానికీ దారి ఏర్పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం విడిగా చేర్చుకునే చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతానికి మించకూడదు, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిది. ఐదేళ్ళ పిల్లవాడికి ఆ 5 శాతం సుమారు 16 గ్రాములు, అంటే మూడు నాలుగు చెంచాలు. పొద్దున్న పాలలో వేసే పంచదార, బిస్కెట్లు, సాయంత్రపు చాక్లెట్లు కలిపి లెక్క వేసి చూడండి.

మావయ్య గారిని నొప్పించవద్దు. ఆయన చేతిసంచి కోసం మనవడు గుమ్మంలో ఎదురుచూడటం ఆ ఇంటికి పండుగే. ఆ సంచిలో జామకాయో, ఉడకబెట్టిన వేరుశనగకాయలో తెమ్మనండి. వాడి పన్ను పుచ్చును వెలుతురులో ఆయనకే చూపించండి. నేను చూసినంతలో, అది కళ్ళారా చూసిన తాతగారు మళ్ళీ చాక్లెట్టు కొనలేదు. రథయాత్రకు ఖాజాలు, పండక్కి రసగుల్లాలు మానవలసిన పని లేదు, భోజనం అయిన వెంటనే తినిపించి నీళ్ళు పుక్కిలింపజేయండి.

రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత వేసి, మీరే తోమండి. వాడంతట వాడు సరిగ్గా తోముకోవడానికి 7, 8 ఏళ్ళు రావాలి. మన ప్రాంతంలో పెద్దలు కొందరు పళ్ళు తోముకోవడానికి వాడే గుడాఖులో పొగాకు ఉంటుంది, దాన్ని పిల్లల చేతికి అందనివ్వకండి.

చివరగా పాప. కిటికీ దగ్గర ఒళ్ళో పడుకోబెట్టుకుని, పై పెదవి మెల్లగా ఎత్తి చూడండి. చిగురు అంచున, పంటి మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చుకు తొలి మెట్టు, ఆ దశలో ఫ్లోరైడ్ పూతతో ఆపవచ్చు. బాబును తీసుకెళ్ళే రోజునే పాపను కూడా వెంట తీసుకెళ్ళండి.