మోత వస్తోందని ఆ మిషన్ ఆపేయకు, అమ్మలూ

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వు మాటవరసకి అన్న ముక్క ఒకటి నా మనసులో ఉండిపోయింది. "పెదనాన్నా, ఆ గాలి మిషన్ రాత్రంతా గుయ్‌మంటోంది, పాప నిద్రకి అడ్డమని స్విచ్ తీసేశాం" అన్నావు. ఇంతలో ఎవరో పిలిచారు, మాట మారిపోయింది. ఫోన్ పెట్టేశాక కూడా నాకు అదే ధ్యాస. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముందు లేచి వెళ్లి ఆ స్విచ్ వేసిరా. మిగతాది తీరిగ్గా చదువు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇదే పని నేనూ చేశాను. ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి చలికాలం, ఈ గాలి మిషన్‌ని, అంటే పోయే గాలిలోని వేడిని పట్టి వచ్చే గాలికి ఇచ్చే హీట్ రికవరీ వెంటిలేషన్‌ని, ఏదో అదనపు హంగు అనుకుని, మోత భరించలేక డిసెంబర్‌లో ఆపేశాను. ఫిబ్రవరిలో మీ పెద్దమ్మ శాలువా కోసం బీరువా తెరిస్తే గుప్పుమని ముక్కిపోయిన వాసన. బీరువా జరిపి చూస్తే గోడకి కింది మూల నుంచి మోకాలి ఎత్తు దాకా చుక్కలు చుక్కలుగా నల్లటి బూజు. వేలితో రాస్తే వేలికి అంటుకుంది. కిటికీ అద్దం కింద రబ్బరు పట్టీలో నీళ్లు నిలిచి ఉన్నాయి. పైకప్పు కారలేదు, పైపు పగలలేదు. ఆ చెమ్మంతా మా ఊపిరిది, మా స్నానాలది, వంటది, ఇంట్లో ఆరేసిన బట్టలది. పాత ఇళ్లలో అయితే తలుపు సందుల్లోంచి, కిటికీ సందుల్లోంచి అది దానంతటదే పోయేది. మీదీ మాదీ వేడి పోకుండా సందన్నది లేకుండా బిగించి కట్టిన ఇళ్లు. వీటికి గాలి ఆడే దారి ఆ మిషన్ ఒక్కటే.

లోపల ఏముందో తెలిస్తే దానిమీద విసుగు తగ్గుతుంది. రెండు ఫ్యాన్లు ఉంటాయి. ఒకటి వంటింట్లోంచి, బాత్‌రూముల్లోంచి తడి గాలిని లాగి బయటికి పంపుతుంది. రెండోది బయటి గాలిని పడకగదుల్లోకి, హాల్లోకి తెస్తుంది. మధ్యలో పలచటి రేకుల దొంతరలాంటి కోర్ ఉంటుంది. రెండు గాలులూ ఆ రేకులకి చెరోవైపు నడుస్తాయి, ఒకదాంట్లో ఒకటి కలవవు, వేడి మాత్రం చేతులు మారుతుంది. ఇంట్లో 21 డిగ్రీలు, బయట సున్నా ఉందనుకో. 85 శాతం వేడిని తిరిగి పట్టే మిషన్ అయితే లోపలికి వచ్చే గాలి దాదాపు 18 డిగ్రీలు ఉంటుంది. కిటికీ తీస్తే వచ్చేది సున్నా డిగ్రీల గాలే కదా! కరెంటు ఖర్చు ఎంతో ఏమోనని బెంగపడకు. మామూలు వేగంలో ఇది ఒక పాత బల్బు తినేంత కరెంటు కూడా తినదు.

ఇక మోత సంగతి. బాగా అమర్చిన మిషన్ పడకగదిలో వినపడీ వినపడనట్టు ఉండాలి. మొదట బాగుండి ఇప్పుడు మోత పెరిగిందంటే ముందు ఫిల్టర్లే చూడాలి. నేను బూజు చూసి బెంబేలెత్తి మిషన్ తెరిచినప్పుడు, బయటి గాలి వచ్చే వైపు ఫిల్టర్ తెల్లటిది కాస్తా బూడిద రంగు దుప్పటి ముక్కలా మందంగా తయారైంది. మడతల్లో ఎండిపోయిన దోమలు, చెట్ల నూగు. అది పెట్టి తొమ్మిది నెలలు దాటింది. ఫిల్టర్ అలా మూసుకుపోతే చాలా మిషన్లు అనుకున్నంత గాలి ఎలాగైనా పంపాలని ఫ్యాన్‌ని ఇంకా వేగంగా తిప్పుతాయి. మోత అక్కడి నుంచి వస్తుంది. కొత్త ఫిల్టర్ పెట్టిన రాత్రి మీ పెద్దమ్మ "ఇది ఆడుతోందా, ఆగిపోయిందా" అని చెయ్యి పెట్టి చూసింది.

సాధారణంగా రెండు ఫిల్టర్లు ఉంటాయి. బయటి గాలికి ఉండేది సన్నరకం, దాన్ని ఎఫ్7 అంటారు, కొత్త డబ్బాల మీద ఈపీఎం1 అని కూడా రాస్తారు. ఇంట్లోంచి పోయే గాలికి ముతకరకం, జీ4, చాలు. మూడు నెలలకోసారి తీసి చూడు, ఆరు నెలలకి మార్చేయి. పక్కన రోడ్డు గానీ కట్టడం పని గానీ ఉంటే ఇంకా ముందే మార్చాల్సి వస్తుంది. మిషన్ మీద వెలిగే లైటుని పూర్తిగా నమ్మకు. చాలావాటిలో అది రోజులు లెక్కపెట్టి వెలుగుతుంది తప్ప మురికిని చూసి కాదు. తెరిచే ముందు మెయిన్ స్విచ్ తీసేయాలి. ఫిల్టర్ అంచు మీద బాణం గుర్తు ఉంటుంది, అది గాలి పోయే వైపు ఉండాలి. అంచుల్లో ఖాళీ మిగిలితే దుమ్ము అక్కడి నుంచే కోర్‌లోకి పోతుంది. పైపైన వ్యాక్యూమ్‌తో దులపచ్చు గానీ నీళ్లతో కడగకు, కడిగితే ఇక పనికిరాదు. పెట్టిన తేదీ పెన్నుతో అంచు మీద రాసెయ్. ఎప్పుడు మార్చామన్నది ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

ఫిల్టర్ మార్చినా మోత తగ్గకపోతే రాత్రికి వేగం ఒక మెట్టు తగ్గించు. అప్పటికీ తగ్గకపోతే పెట్టినవాళ్లని పిలిచి, పైపుల్లో మోత తగ్గించే సైలెన్సర్ ఉందా, మిషన్ గోడకి గట్టిగా తగిలి అదురుతోందా అని చూడమనాలి. గాలి ఎంత వస్తోందో, ఎంత పోతోందో గది గదికీ కొలిచి సరిచేయమనాలి కూడా. రెండూ సమానంగా లేకపోతే వేడి సరిగ్గా దక్కదు.

ఇంకో పొరపాటు కూడా చేశాను, అది నువ్వు చేయకు. పైకప్పుకి గాలి వచ్చే, పోయే చోట ఉన్న గుండ్రటి వాల్వులు మురికిగా ఉన్నాయని అన్నీ ఒకేసారి ఊడదీసి కడిగాను. మళ్లీ పెట్టేటప్పుడు ఏది ఎంత తిప్పి ఉందో, ఏ గదిదో ఒక్కటీ గుర్తులేదు. ఆ తిప్పుడులోనే ఒక్కో గదికి ఎంత గాలి అన్నది ఉంటుంది. మళ్లీ మనిషిని పిలిచి కొలిపించుకోవాల్సి వచ్చింది. ఒక్కోటే తీయి, తీసే ముందు పెన్సిల్‌తో గీత పెట్టు, తుడిచి అదే చోట పెట్టు. చలిగాలి తగులుతోందని ఎవరూ వాల్వు మూయకుండా చూడు. పక్క గదుల లెక్క తప్పుతుంది.

తలుపుల కింద ఒక సెంటీమీటరు సందు వదిలారు చూశావా? గాలి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయే దారి అదే. దానికి కార్పెట్ గానీ గుడ్డ గానీ అడ్డం పెట్టకండి. బాత్‌రూమ్ వాల్వు దగ్గర టిష్యూ ముక్క పెట్టి చూడు, లాక్కుంటే గాలి ఆడుతున్నట్టే.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. తడి గాలి కోర్‌లో చల్లబడి నీరవుతుంది, అది చిన్న పైపులోంచి డ్రైనేజీలోకి పోతుంది. ఆ పైపు వంపులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. ఎండాకాలంలో అవి ఆవిరైపోతే గుడగుడమని శబ్దం, మురుగు వాసన వస్తాయి. చలి మొదలయ్యే ముందు దాంట్లో ఒక గ్లాసు నీళ్లు పోయాలి. కోర్‌ని ఏడాదికోసారి తీసి చూస్తే చాలు. గోరువెచ్చని నీళ్లలో ముంచి, బాగా ఆరనిచ్చి పెట్టొచ్చు. తేమని కూడా తిరిగి పట్టే రకమైతే కడగచ్చో లేదో మిషన్‌తో వచ్చిన పుస్తకం చూశాకే ముట్టుకో. బయట గోడకున్న జాలీకి ఆకులు, నూగు పడితే అప్పుడప్పుడూ దులిపెయ్.

చలికాలం గాలి పొడిబారి పాపకి ముక్కు దిబ్బడేస్తుంది. అప్పుడు వేగం కొంచెం తగ్గించు, ఆపకు. తేమ కొలిచే చిన్న మీటర్ పెట్టుకుని 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకో. గడ్డకట్టే చలిలో లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్ కాసేపు నెమ్మదించినా టెన్షన్ పడకు, కోర్‌లో మంచు పట్టకుండా కొన్ని మిషన్లు అలా చేస్తాయి. స్నానం, వంట, బట్టలు ఆరేసే సమయంలో వేగం పెంచే బూస్ట్ బటన్ నొక్కండి. ఎండాకాలం రాత్రుళ్లు బైపాస్, అంటే కోర్‌ని తప్పించి గాలి పోయే దారి, పనిచేస్తే చల్లగాలి కోర్‌లో వేడెక్కకుండా నేరుగా వస్తుంది. అయినా దాన్ని ఏసీలా అనుకోకు, కిటికీలు హాయిగా తీసుకోండి.

పొయ్యి మీది చిమ్నీని ఈ పైపులకి కలుపుదామని అల్లుడు అన్నాడట. వద్దని చెప్పు. నూనె జిడ్డు పైపుల నిండా పేరుకుపోతుంది, నిప్పు భయం కూడా. ఆపాల్సిన సందర్భం ఉంటే అది బయట మంటలు, దట్టమైన పొగ ఉన్నప్పుడు. పొగ తగ్గగానే మళ్లీ వేసేయాలి.

ఈ ఆదివారం ఫిల్టర్ తీసి ఫోటో పంపు, ఎలా ఉందో నేను చూసి చెబుతాను. పాప మంచం గోడకి ఆనించి ఉందని గుర్తు. దాన్ని నాలుగు వేళ్ల దూరం జరిపి, వెనక గోడని చేత్తో తడిమి చెమ్మ ఉందేమో చూసి చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న