బిట్‌కాయిన్ వాలెట్ బ్యాకెండ్: వచ్చిన డబ్బు మళ్ళీ మాయమైతే మీ సర్వర్ ఏం చేస్తుంది?

ప్రశ్న: బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా బిట్‌కాయిన్ వాలెట్‌కి బ్యాకెండ్ రాస్తున్నాను. బిట్‌కాయిన్ కోర్ (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌తో కలిసి నడిచే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేస్తే నాలుగు రోజులుగా డౌన్‌లోడ్ అవుతూనే ఉంది, ల్యాప్‌టాప్‌లో డిస్క్ నిండిపోయింది. టెస్ట్‌నెట్ (విలువ లేని కాయిన్లతో నడిచే పరీక్ష నెట్‌వర్క్) వాడమని ఫ్రెండ్ చెప్పాడు కానీ ఉచితంగా టెస్ట్ కాయిన్లు ఇచ్చే సైట్లలో ఎక్కడా దొరకడం లేదు. రివ్యూ పది రోజుల్లో ఉంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ డౌన్‌లోడ్ ఆపేయండి. అసలు నెట్‌వర్క్ చరిత్ర మొత్తం కలిపి 600 జీబీ దాటిపోయింది, మీ ప్రాజెక్టుకి అందులో ఒక్క బ్లాక్ (లావాదేవీల కట్ట) కూడా అక్కర్లేదు. బిట్‌కాయిన్ కోర్‌లోనే రెగ్‌టెస్ట్ అనే మోడ్ ఉంది. అందులో బయట ఎవరితోనూ సంబంధం లేకుండా మీ ల్యాప్‌టాప్ మీదే మీ సొంత చైన్ (బ్లాకుల వరస) మొదలవుతుంది. పది నిమిషాలకో బ్లాక్ కోసం ఎదురుచూసే పని లేదు, జనరేట్‌టుఅడ్రస్ కమాండ్ కొడితే క్షణంలో బ్లాక్ వస్తుంది, కాయిన్లు కూడా మీకే.

అయితే మొదటి రోజు దాదాపు అందరూ రెండు చోట్ల ఇరుక్కుంటారు. ఒక బ్లాక్ మైన్ చేసి (అంటే తయారు చేసి) బ్యాలెన్స్ చూస్తే సున్నా ఉంటుంది, ఏదో పాడైందనుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. పాడైంది ఏమీ లేదు, మైనింగ్‌లో వచ్చిన కాయిన్లు ఖర్చు పెట్టాలంటే ఆ బ్లాక్ మీద ఇంకో 100 బ్లాకులు పడాలని రూలు. కాబట్టి 101 బ్లాకులు మైన్ చేయండి, 50 బిట్‌కాయిన్లు కనిపిస్తాయి. రెండోది, కాయిన్ పంపబోతే ఫీజు అంచనా వేయలేకపోయానని ఎర్రర్ వస్తుంది. మీ చైన్‌లో లావాదేవీలే లేవు, అది దేన్ని చూసి అంచనా వేస్తుంది పాపం! కాన్ఫిగ్ ఫైల్‌లో రెగ్‌టెస్ట్ సెక్షన్ కింద ఫాల్‌బ్యాక్‌ఫీ 0.0002 అని ఒక లైన్ పెట్టి నోడ్‌ని (నడుస్తున్న బిట్‌కాయిన్ కోర్‌ని) మళ్ళీ స్టార్ట్ చేస్తే సరిపోతుంది. మీ కోడ్ నోడ్‌తో మాట్లాడే పోర్టు కూడా చూసుకోండి, అసలు నెట్‌వర్క్‌కి 8332, రెగ్‌టెస్ట్‌కి 18443. ఆ పోర్టుని ఎప్పుడూ ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టకండి, టెస్ట్ మెషీనే కదా అని కూడా వద్దు, అలవాటైపోతుంది.

ప్రశ్న: మా స్టార్టప్‌లో డిపాజిట్ వచ్చినప్పుడల్లా నోడ్ నుంచి వాలెట్‌నోటిఫై ద్వారా మా సర్వర్‌కి కబురు వస్తుంది, వెంటనే యూజర్ ఖాతాలో జమ చేస్తాం. టెస్టులన్నీ పాసయ్యాయి. కానీ ట్రయల్‌లో ఒక యూజర్‌కి రెండుసార్లు జమ పడింది, ఒక్కోసారి ఒక సతోషి (బిట్‌కాయిన్‌లో అతిచిన్న భాగం) తేడా వస్తోంది. ఇంకా ఏమేం టెస్ట్ చేయాలి?
– ఒక డెవలపర్, హైదరాబాద్

జవాబు: మీ టెస్టులన్నీ డబ్బు సక్రమంగా వచ్చే దారినే చూస్తున్నట్టున్నాయి. వాలెట్ బ్యాకెండ్‌లో ఆ దారి ఒక రోజు పని, మిగతా నెలంతా తేడా వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడటానికే పోతుంది, పోవాలి కూడా.

రెండుసార్లు జమ ఎందుకైందంటే, వాలెట్‌నోటిఫై ఒకే లావాదేవీకి ఒకటి కంటే ఎక్కువసార్లు మోగుతుంది: నెట్‌వర్క్‌లో కనిపించినప్పుడు ఒకసారి, బ్లాక్‌లోకి ఎక్కినప్పుడు మరోసారి. లావాదేవీ ఐడీ, అందులో మీకు వచ్చిన అవుట్‌పుట్ నంబరు (ఆ లావాదేవీలో ఎన్నో చెల్లింపో చెప్పే అంకె), ఈ రెండూ కలిపి డేటాబేస్‌లో యూనిక్‌గా పెట్టండి, పదిసార్లు మోగినా జమ ఒక్కసారే పడుతుంది. అలాగే మీ సర్వర్ పడిపోయి ఉన్నప్పుడు మోగిన గంట మళ్ళీ మోగదు. అందుకని దాన్ని ఒక పిలుపుగా మాత్రమే తీసుకుని, అసలు లెక్క లిస్ట్‌సిన్స్‌బ్లాక్ కమాండ్‌తో చూసుకోండి. మీరు చివరిగా చూసిన బ్లాక్ హ్యాష్ ఇస్తే అప్పటి నుంచి జరిగినవన్నీ చెబుతుంది, చైన్ మారిపోయి బ్లాక్‌లోంచి తప్పిపోయిన లావాదేవీలను రిమూవ్‌డ్ అని విడిగా కూడా ఇస్తుంది.

ఆ ఒక్క సతోషి సంగతి దశాంశాల వల్లే. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు. మీ పైథాన్‌లో 0.29ని 10 కోట్లతో గుణించి ఇంట్‌లోకి మార్చి చూడండి, 2,90,00,000 రావాలి కదా, 2,89,99,999 వస్తుంది. నోడ్ ఇచ్చే జేసన్‌లో మొత్తాలు దశాంశాల్లోనే ఉంటాయి, వాటిని ఫ్లోట్‌గా (ఉజ్జాయింపు దశాంశంగా) చదవకుండా డెసిమల్‌గా (కచ్చితమైన దశాంశంగా) చదివి, గుమ్మం దాటి లోపలికి రాగానే సతోషీల్లోకి మార్చేయండి. రేపు ఈథర్ (ఎథీరియం కాయిన్) కూడా కలుపుతామంటే ఇంకా జాగ్రత్త. ఒక ఈథర్ అంటే ఒకటి పక్కన 18 సున్నాల వెయ్‌లు (దాని అతిచిన్న భాగాలు), జావాస్క్రిప్ట్ మామూలు నంబరు 0.01 ఈథర్‌ని కూడా వెయ్‌లలో నమ్మకంగా మోయలేదు, బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణాంకాల రకం) తప్పదు.

ఇప్పుడు అసలు పరీక్ష. రెగ్‌టెస్ట్‌లో రెండు నోడ్లు పెట్టండి. కస్టమర్ వాలెట్‌లో ఒకే ఒక్క యూటీఎక్స్‌ఓ (ఇంకా ఖర్చు కాని కాయిన్ ముక్క) ఉంచి, ఆ వాలెట్ కాపీని రెండో నోడ్‌లో కూడా పెట్టండి. తర్వాత రెండు నోడ్ల మధ్య కనెక్షన్ తెంపేయండి. మొదటి నోడ్‌లో ఆ డబ్బుని మీ డిపాజిట్ అడ్రస్‌కి పంపి ఒక బ్లాక్ మైన్ చేయండి, మీ బ్యాకెండ్ ఒక కన్ఫర్మేషన్ (లావాదేవీ ఎక్కిన బ్లాక్‌తో కలిపి దాని మీద పడిన బ్లాకుల లెక్క) చూపిస్తుంది. రెండో నోడ్‌లో అదే డబ్బుని వేరే అడ్రస్‌కి పంపి రెండు బ్లాకులు మైన్ చేయండి. ఇప్పుడు మళ్ళీ కలపండి. పొడవైన చైన్ గెలుస్తుంది, మీకు వచ్చిన డిపాజిట్ కళ్ళముందే చెల్లకుండా పోతుంది, గెట్‌ట్రాన్సాక్షన్ కొడితే కన్ఫర్మేషన్లు మైనస్‌లో కనిపిస్తాయి. ఆ మైనస్ అంకె చూసి మీ కోడ్ ఏం చేసింది? జమ వెనక్కి తీసిందా? ఆలోపే యూజర్ ఆ డబ్బు విత్‌డ్రా చేసేశాడా? ఆరు కన్ఫర్మేషన్లు ఆగాలని పెద్దలు చెప్పేది ఇందుకే. మీరు ఎన్ని పెట్టుకున్నా, ఆ సంఖ్యకి ఒకటి తక్కువ దగ్గరా, సరిగ్గా ఆ సంఖ్య దగ్గరా రెండుసార్లు ఈ పరీక్ష నడపండి.

పంపే వైపు కూడా ఒక మాట. నేను పనిచేసిన ఒక చోట విత్‌డ్రాయల్‌కి సెండ్‌టుఅడ్రస్ (డబ్బు పంపే కమాండ్) పిలిచాం, టైమౌట్ వచ్చింది, వెళ్ళలేదనుకుని కోడ్ మళ్ళీ పిలిచింది. నిజానికి మొదటిదీ వెళ్ళింది. ఒకే మనిషికి రెండుసార్లు చెల్లించాం, బిట్‌కాయిన్‌లో బ్యాంకుకి ఫోన్ చేసి ఆపించడం ఉండదు, ఆ రాత్రి లెక్కలు చూసుకుంటూ కూర్చున్న బాధ ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: లావాదేవీ తయారు చేసి, సంతకం చేసి, ఆ సంతకమైన డేటాని ముందు డేటాబేస్‌లో దాచి, ఆ తర్వాతే నెట్‌వర్క్‌కి పంపడం. మధ్యలో కరెంటు పోయినా అదే డేటాని వందసార్లు పంపుకోవచ్చు, ఐడీ మారదు కాబట్టి డబ్బు ఒక్కసారే వెళ్తుంది. దాచడానికీ పంపడానికీ మధ్యలో ప్రాసెస్‌ని కిల్ చేసే టెస్ట్ ఒకటి తప్పకుండా రాయండి.

ప్రశ్న: ఇలాంటి సర్వీసు కట్టి జనం కాయిన్లు నా దగ్గర ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఊరికే మొదలుపెట్టడానికి లేదు. ఇతరుల క్రిప్టో ఆస్తులను వ్యాపారంగా భద్రపరిచేవాళ్ళు కూడా 2023 మార్చి నుంచి మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వస్తారు, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, కేవైసీ చూడాలి. ముందు లాయర్‌ని, సీఏని కలవండి. రెగ్‌టెస్ట్‌లో ఎంత నేర్చుకున్నా ఎవరూ అడగరు.

ప్రశ్న: సీడ్ పదాలు (వాలెట్ కీలన్నీ పుట్టే 12 పదాలు) సర్వర్‌లో ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో పెట్టాను. తప్పా? టెస్టులకి నెట్‌లో కనిపించే ‘అబాండన్, అబాండన్’ పదాలే వాడుతున్నాను.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఫైల్‌లో పెట్టడం తప్పేనమ్మా, అది పొరపాటున గిట్‌లోకి ఎక్కిందంటే మీ అందరి డబ్బూ బజార్లో పెట్టినట్టే. డిపాజిట్ అడ్రస్‌లు తయారు చేయడానికి సర్వర్‌కి ఎక్స్‌పబ్ (వాలెట్ పబ్లిక్ కీ) చాలు, అందులోంచి అడ్రస్‌లు వస్తాయి, ఖర్చు పెట్టే తాళం రాదు. సంతకం చేసే కీ వేరే మెషీన్‌లో ఉండాలి. ఎక్స్‌పబ్ కదా అని దాన్నీ ఎవరికి పడితే వారికి ఇవ్వకండి, దానితో పాటు కింది అడ్రస్‌లలో ఒక్క దాని ప్రైవేట్ కీ దొరికినా లెక్క కట్టి, మిగతా అడ్రస్‌ల తాళాలన్నీ ఇచ్చే పై ప్రైవేట్ కీని రాబట్టొచ్చు.

అబాండన్ పదకొండుసార్లు, చివర అబౌట్, ఇది టెస్టులకి బాగుంది, 2048 పదాల జాబితాలో అబాండన్ మొదటిది కాబట్టి అందరూ అదే వాడతారు. అందుకే ఆ అడ్రస్‌లకి నిజం కాయిన్ ఒక్కటి కూడా పంపకూడదు, ఆ కీ లోకమంతటికీ తెలుసు. ప్రొడక్షన్‌లో సర్వర్ లేచేటప్పుడు ఈ పదాలు కనిపిస్తే స్టార్ట్ కాకుండా ఆగిపోయేలా ఒక చెక్ పెట్టండి.

ఇంకో టెస్ట్ కూడా చేయండి. ముప్పై అడ్రస్‌లు ఇచ్చి, ముప్పయ్యో దానికి మాత్రమే రెగ్‌టెస్ట్ కాయిన్ పంపి, ఖాళీ మెషీన్ మీద ఆ 12 పదాలతో వాలెట్‌ని మళ్ళీ తెరవండి. చాలా వాలెట్లు వరసగా 20 ఖాళీ అడ్రస్‌లు కనిపిస్తే వెతకడం ఆపేస్తాయి, అప్పుడు బ్యాలెన్స్ సున్నా అంటుంది. కాయిన్ ఎక్కడికీ పోలేదు, ఆ పరిమితిని 20 నుంచి 100కి పెంచి మళ్ళీ స్కాన్ చేయండి, కనిపిస్తుంది.